ఏడున్నర రూపాయల షరతు

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల చరిత్ర, రాజ్యాల చరిత్ర నాకు రావని మనవి చేసుకున్నాను. "మీకు వచ్చినదే రాయండి" అన్నారాయన. నాకు వచ్చినది మరలు విప్పడం, తిరిగి బిగించడం. 1969లో విద్యుత్తు బోర్డులో చేరింది మొదలు 2006లో పదవీ విరమణ చేసేదాకా మీటర్ల పరీక్షశాలలో నేను చేసిన పని అదే. మధ్యలో 1999లో బోర్డు విడిపోయి కంపెనీలయింది గాని నా స్క్రూడ్రైవరు మారలేదు. కనుక మన ఇళ్ళలోని సామాను చరిత్ర రాస్తున్నాను. అది చెడిపోయినప్పుడు ఒకప్పుడు ఏం చేసేవాళ్ళం, ఇప్పుడేం చేస్తున్నాం అన్నంత మేరకే.

దీనికి కారణం మా ఇంటి మిక్సీ. రెండేళ్ళ క్రితం మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. చెయ్యి, కాలు చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి గాని మింగడం మాత్రం కష్టంగానే ఉండిపోయింది. అన్నమైనా, కూరైనా, చివరకు పండైనా మెత్తగా తిప్పి చెంచాతో పెట్టాలని, పలుకు తగిలితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అంటే మా ఇంట్లో మిక్సీ పచ్చళ్ళకూ ఇడ్లీపిండికీ కాదు, మూడు పూటలా ఆమె భోజనానికి. గత శ్రావణంలో ఒక శనివారం రాత్రి అది గుర్రుమని ఆగిపోయింది. కొని 26 నెలలు. గ్యారంటీ 24 నెలలు.

ఆదివారం సెలవు, సోమవారం పండగ సెలవు. ఎదురింటివారు తమ మిక్సీ ఇచ్చి ఆదుకున్నారు. మంగళవారం సర్వీసు సెంటరుకు పట్టుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడే. ప్లగ్గు పెట్టి చూసి, "మోటారు పోయింది బాబాయిగారూ" అన్నాడు. మోటారులో ఏం పోయిందని అడిగాను. "మేము మోటారు విప్పమండీ, సెట్టు మొత్తం మార్చడమే" అన్నాడు. సెట్టు 1,850 రూపాయలు, రావడానికి పదిహేను రోజులు. మిక్సీ కొన్నది 3,600కి. "ఇంకో పదిహేడు వందలు వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా బాబాయిగారూ, ఇది మాకు ఎక్స్ఛేంజిలో ఇచ్చెయ్యండి" అని సలహా కూడా ఇచ్చాడు. అతని తప్పేమీ లేదు. అతనికి నేర్పిన పని అంతే.

మిక్సీని సంచిలో పెట్టుకుని సిటీ బస్సులో తిరిగి వస్తుంటే, ఎన్నడో చదివిన ఒక షరతు నాకు గుర్తుకు వచ్చింది.

1929లో అఖిల భారత చరఖా సంఘం ఒక బహుమతి ప్రకటించింది. గాంధీగారి పూనికతో వచ్చిన ప్రకటన అది. మెరుగైన రాట్నాన్ని తయారుచేసినవారికి లక్ష రూపాయలు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో మీకు వేరే చెప్పనక్కరలేదు. షరతులు కూడా అలాగే ఉన్నాయి. రాట్నం తేలికగా, ఒకచోటి నుంచి ఇంకొకచోటికి తీసుకుపోయేటట్టు ఉండాలి. పల్లెటూరి ఇంట్లో చేత్తోగాని కాలితోగాని నడపగలగాలి. ఆడమనిషి పెద్ద శ్రమ లేకుండా ఎనిమిది గంటలు తిప్పగలగాలి. ఆ ఎనిమిది గంటల్లో 16,000 అడుగుల నూలు రావాలి. ఖరీదు 150 రూపాయలు మించకూడదు. మనకు కావలసిన షరతు ఆ తరవాతిది: సకాలంలో బాగుచేయించుకుంటూ ఉంటే ఆ యంత్రం కనీసం 20 ఏళ్ళు ఆగకుండా నడవాలి, బాగుచేయించే ఖర్చు ఏడాదికి యంత్రం ఖరీదులో నూటికి అయిదు మించకూడదు.

150 రూపాయలకు నూటికి అయిదంటే ఏడున్నర రూపాయలు.

ఈ షరతులో నాకు నచ్చినది ఒకటుంది. "చెడిపోని యంత్రం తెండి" అని వారు అడగలేదు. యంత్రమన్నాక చెడుతుంది. చెడినప్పుడు దాన్ని బాగుచేయడానికి వీలుండాలి, ఆ బాగుచేత పేదరాలి చేతికి అందే ఖర్చులో ఉండాలి అన్నారు. అంటే బాగుచేత అనేది కొన్న తరవాత వచ్చే తంటా కాదు, తయారుచేసేటప్పుడే లెక్కలోకి తీసుకోవలసిన విషయం. ఆ లక్ష రూపాయలు చివరకు ఎవరికీ దక్కలేదు. స్వాతంత్ర్యం వచ్చాక తమిళ దేశానికి చెందిన ఏకాంబరనాథన్ గారు తయారుచేసిన రాట్నం ఆయన పేరులోని ముక్కతోనే అంబర్ చరఖాగా వ్యాపించింది. అది వేరే కథ.

మా మిక్సీకి ఇదే లెక్క వేస్తే, ఏడాదికి 180 రూపాయలు. వాళ్ళు అడిగినది 1,850. ఇరవై ఏళ్ళ మాట అలా ఉంచండి.

ఈ షరతుకు సరితూగిన యంత్రం మా ఇంట్లోనే ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది. 1957లో మా నాన్నగారు పోయారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, నా తరవాత ఇద్దరు చెల్లెళ్ళు. గుడివాడ దగ్గర మా ఊళ్ళో సెంటు భూమి లేదు. మరుసటి ఏడు మా అమ్మ వాయిదాల పద్ధతి మీద ఒక కుట్టుమిషను కొన్నది. రవికెలు, లంగాలు, పిల్లల లాగూలు కుట్టి ముగ్గురినీ చదివించింది. ఆ మిషను ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగేది. అది ఆగలేదని కాదు, చాలాసార్లే ఆగింది. బెల్టు తెగేది, బాబిన్ అరిగేది, వానాకాలంలో తుప్పు పట్టి బిగుసుకునేది. కాని ఆగిన ప్రతిసారీ ఒక పూటలో మళ్ళీ నడిచేది. పైపలక ఒక మర విప్పితే ఊడివచ్చేది. సూదిని పట్టి ఉంచేది ఒక మర, పాదాన్ని పట్టి ఉంచేది ఇంకొకటి. డ్రాయరులో ఒక చిన్న స్క్రూడ్రైవరు, నూనె డబ్బా మిషనుతోపాటే ఇచ్చారు. యంత్రాన్ని తయారుచేసినవాడు "అమ్మా, దీన్ని నువ్వే విప్పుకుంటావు, ఇదిగో" అని చెప్పి మరీ ఇచ్చాడన్నమాట. ఏడో తరగతి నాటికి ఆ మిషను మొత్తం విప్పి కిరసనాయిలుతో కడిగి బిగించడం నాకు వచ్చేసింది. ఆ విద్యే తరవాత నాకు ఉద్యోగం ఇచ్చింది.

మన దేశంలో తయారైన నల్ల మిషన్లు చాలామటుకు సింగర్ వారి పాత నమూనాను పోలినవే కనుక, సూది, బాబిన్ వంటివి ఏ ఊరి సంతలోనైనా దొరికేవి. ఒకరు చేసిన సామాను ఇంకొకరి యంత్రానికి సరిపోవడమనేది చూడడానికి చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, దాని వెనక చాలా చరిత్ర ఉంది. రెండువందల ఏళ్ళ క్రితం ఇంగ్లండులో కూడా ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోట చేసిన బోల్టుకు మరొకచోట చేసిన నట్టు ఎక్కేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు మర గాడి కోణం 55 డిగ్రీలుండాలని, ఈ లావు బోల్టుకు అంగుళానికి ఇన్ని గాళ్ళుండాలని ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అది క్రమంగా స్థిరపడి, ఆంగ్లేయులు పోయినచోటికల్లా పోయింది. మన వర్కుషాపుల్లో పనిచేసిన మిత్రులు "విట్‌వర్త్ సైజు" స్పానర్లను మరిచిపోయి ఉండరు. మెట్రిక్ వచ్చాక రెండు రకాల స్పానర్లూ దగ్గర పెట్టుకుని పడిన అవస్థ కూడా.

సింగర్ కంపెనీ సైతం మొదట్లో ఇంత పద్ధతిగా లేదు. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు తీసుకున్న తరవాత దాదాపు ముప్ఫయ్యేళ్ళపాటు, ఆ కార్ఖానాలో భాగాలను ఆకురాళ్ళతో అరగదీసి ఒకదానికొకటి సరిపెట్టేవారు. ఏ మిషను భాగం ఆ మిషనుకే. 1880ల తరవాతగాని భాగాలన్నీ ఒకే కొలతకు రాలేదు. చెప్పవచ్చేదేమంటే, బాగుచేయడానికి వీలైన వస్తువు దానంతట అది పుట్టలేదు. దానికోసం కొందరు కూర్చుని కొలతలు వేశారు.

ఈ సందర్భంలో ఒక ముచ్చట. 1924లో శాంతినికేతన్ విద్యార్థి ఒకరు, తమరు యంత్రాలన్నిటికీ వ్యతిరేకులేనా అని గాంధీగారిని అడిగితే, ఆయన కుట్టుమిషనును మినహాయించారు. భార్య చేతికుట్టుతో అవస్థ పడడం చూడలేక సింగర్ దాన్ని కనిపెట్టాడని, ప్రేమలోంచి పుట్టిన యంత్రమని ఆయన అభిప్రాయం. సింగర్ గారి సంసారాల చరిత్ర చదివినవారు ఈ మాటకు నవ్వుకోవచ్చు. ఒకటికి నాలుగు కుటుంబాలు నడిపిన మనిషి ఆయన! అయినా మా అమ్మ విషయంలో గాంధీగారు చెప్పినదే నిజమనిపిస్తుంది.

మరమ్మతు అన్న మాటలో మర ఉంది కదా, మర విప్పడంలోంచే వచ్చిందేమో అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కాదు, అది అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. మాట ఎక్కడిదైనా పని మాత్రం మన వీధిలోదే. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు, చిల్లుపడిన బిందెకు మాటు వేసేవాడు, రోళ్ళకు గంట్లు కొట్టేవాడు, గొడుగులు బాగుచేసేవాడు, కత్తులకు సాన పట్టేవాడు, వీళ్ళ కేకలతోనే మనకు తెల్లవారేది. ఈ జాబితాను మీరే పొడిగించుకోగలరు.

మా వీధి చివర ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు. వాల్వు రేడియోలతో మొదలుపెట్టి, ట్రాన్సిస్టర్లు, టేపురికార్డర్లు, మిక్సీలు, టీవీల దాకా అన్నీ నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. వస్తువే నేర్పింది. పాత వాల్వు రేడియో వెనక అట్ట తీస్తే ఏ వాల్వు ఎక్కడ ఉందో చూపించే పటం లోపలే అంటించి ఉండేదని మీకు గుర్తుండే ఉంటుంది. 2014లో అతను దుకాణం మూసేశాడు. పని రాక కాదు. వచ్చిన పనిలో తను చేయగలిగినది తగ్గిపోయి.

పాతవన్నీ బంగారమని నేను అనబోవడం లేదు. పంపు స్టవ్వులు పేలి ఎంతమంది ఆడవాళ్ళు కాలిపోయారో మనకు తెలుసు. అట్టలాగా పెళుసెక్కిన నూలు తొడుగు తీగలతో ఇస్త్రీ పెట్టెలు షాకు కొట్టేవి. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరం మనది. వస్తువు దొరకడమే గగనమైన రోజుల్లో దాన్ని బాగుచేసుకోవడం తప్ప వేరే దారి లేదు గనుక బాగుచేసుకున్నాం. అందులో గొప్పతనం కొంత, గత్యంతరం లేకపోవడం కొంత.

అలాగే కంపెనీలవారందరూ కూడబలుక్కుని మనల్ని మోసం చేస్తున్నారని అనేవారు కూడా ఉన్నారు. నిజంగా కూడబలుక్కున్న సందర్భం ఒకటుంది. అది మన శాఖకు సంబంధించినదే కాబట్టి చెబుతాను. 1924 డిసెంబరులో జెనీవాలో జర్మనీ, హాలెండు, ఫ్రాన్సు మొదలైన దేశాల బల్బుల కంపెనీలు సమావేశమై ఫీబస్ అనే పేరుతో ఒక కూటమి కట్టాయి. బల్బు ఆయుష్షు 1,000 గంటలు ఉంటే చాలునని నిర్ణయించాయి. అంతకు ముందు కొన్ని దీపాలు 1,500, 2,000 గంటలు కూడా వెలిగేవి. ఎక్కువకాలం వెలిగే బల్బులు చేసిన సభ్య కంపెనీకి జరిమానా! రెండో ప్రపంచయుద్ధంతో ఆ కూటమి విచ్ఛిన్నమైంది.

ఇంతవరకు పత్రికల్లో అందరూ రాస్తారు. రెండో సగం రాయరు. ఫిలమెంటును తక్కువ వేడి మీద ఉంచితే ఎక్కువకాలం మన్నుతుంది గాని, తిన్న కరెంటుకు తగిన వెలుగు ఇవ్వదు. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఒకటి ఉంది. దాని వెలుగు ఇప్పుడు బెడ్‌లైటు పాటి. లో-వోల్టేజి రోజుల్లో మన పల్లెల్లో బల్బులు ఏళ్ళ తరబడి మాడకపోవడం, వెలుగు మాత్రం నిప్పుకణికలా ఉండడం లైన్‌మన్లుగా పనిచేసినవారందరూ చూసినదే. 1951లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య విచారణ సంఘం కూడా ఇది పరిశీలించి, ధరల విషయంలో ఆ కూటమిని తప్పుపట్టింది గాని, వెయ్యి గంటలనేది మాత్రం అన్యాయమైన లెక్క కాదన్నది. ఇలాంటి వాటిలో దురాశ ఎంత, ఇంజనీరింగు ఎంత అని విడదీసి చూడడం మంచిది.

1932లో మాత్రం ఒక అమెరికా పెద్దమనిషి, బెర్నార్డ్ లండన్ ఆయన పేరు, దాపరికం లేకుండానే ఒక కరపత్రం వేశాడు. ఆర్థిక మాంద్యం పోవాలంటే ప్రతి వస్తువుకూ ప్రభుత్వం ఒక ఆయుష్షు నిర్ణయించాలట. గడువు దాటిన వస్తువును ఇంకా వాడుకుంటున్నవారి మీద పన్ను వేయాలట! ఆయన మాట ఎవరూ వినలేదు. మా అమ్మ మిషనుకు ఈపాటికి ఎంత పన్ను పడేదో.

మన మిక్సీ పుట్టుక కూడా ఈ చరిత్రలో భాగమే. సీమెన్సులో పనిచేసిన సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో విదేశీ మిక్సీ ఒకటి చెడిపోయిందట. మన దేశంలో దాన్ని బాగుచేసే దిక్కు లేదు. అసలు మన పప్పులు, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి నూరడానికి అది చేసినది కూడా కాదు. ఆయన భార్య పోరితే మన వంటకు తగిన గట్టి మోటారుతో 1963లో తయారుచేసిన యంత్రమే సుమీత్. అంటే మన దేశపు మిక్సీ పుట్టిందే, చెడిపోయినదాన్ని బాగుచేసే వీలు లేకపోవడం వల్ల. ఆ కాలపు మిక్సీలకు కార్బన్లు అరిగితే పక్కనున్న మూత విప్పి మార్చేవాళ్ళం. కప్లరు తెగితే ఇంట్లోనే వేసుకునేవాళ్ళం. మోటారు మాడితే వైండింగు షాపు. ఒక్క మిక్సీ మీద మూడు నాలుగు వృత్తులు బతికేవి.

మరి ఎక్కడ మారింది? ఒక్కచోట కాదు. లోహం పోయి ప్లాస్టిక్కు వచ్చింది. ప్లాస్టిక్కు ముక్కలను శబ్దానికి అందని కంపనాలతో కరిగించి అతికించే పద్ధతి 1960ల నుంచి కార్ఖానాల్లో వ్యాపించింది. నాలుగు మరలు బిగించేచోట ఒక్క క్షణంలో పని అయిపోతుంది. వస్తువు ధర తగ్గింది. ఆ తగ్గింపు మనమూ అనుభవించాం. 1991 తరవాత మన బజారు తెరుచుకుంది. 2001 ఏప్రిల్ 1 నుంచి మిగిలిన దిగుమతి పరిమితులు కూడా చాలావరకు తొలగాయి. చవక సామాను వెల్లువెత్తింది. మెకానిక్ కూలి పెరిగింది, పెరగవలసినదే. వస్తువు ధర పడిపోయి మనిషి కూలి పెరిగినప్పుడు, బాగుచేత అనేది లెక్కకు నిలవదు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు.

కాని మర మాట వేరు. మొదట ఒంటిగాడి మర ఉండేది, అణా బిళ్ళతో కూడా తిరిగేది. 1930లలో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లతో నాలుగు గాళ్ళ మర వచ్చింది. మనం స్టార్ స్క్రూ అంటాం. అది యంత్రంతో వేగంగా బిగించడానికి అనువుగా చేసినది, దానికొక న్యాయం ఉంది. ఆ తరవాత ఆరు మూలలది వచ్చింది. ఇంకా ఆరు మూలలదానికి మధ్య పుల్ల నిలబెట్టినది, మూడు రెక్కలది, అయిదు రేకులది వచ్చాయి. బిగించడానికి వీటిలో ప్రత్యేకమైన లాభం నాకు కనిపించదు. సొంతదారు విప్పకూడదన్నదే వీటి అర్థం.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. సొంతదారు విప్పకూడదని సీలు వేసే పని నేనూ ముప్ఫయ్యేడేళ్ళు చేశాను. ఇంటి మీటరు లోపల తిరిగే రేకు, దాన్ని పట్టి ఉంచే అయస్కాంతం, అడుగున రాయి బేరింగు, అంతా కలిపి ఎంతో సుకుమారమైన యంత్రం. అరిగిన బేరింగు మార్చి, పరీక్షించి, చివర తీగ దూర్చి సీసపు సీలు నొక్కేవాళ్ళం. దొంగతనం జరగకూడదని. ఆ సీలు తెగితే వినియోగదారుడు సంజాయిషీ చెప్పుకోవాలి. సరే, మీటరు బోర్డుది, కరెంటు అమ్మకానిది, రెండు పక్షాల మధ్య తక్కెడ అది. దానికి సీలు న్యాయమే. డబ్బు పెట్టి కొనుక్కున్న నా మిక్సీకి ఎవరు ఎవరి నుంచి కాపలా కాస్తున్నట్టు? ఆ మీటర్ల స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ మీటర్లు చెడితే తీసి పారేయడమేనని మన తరవాతివారు చెబుతున్నారు. మా పరీక్షశాలలో రాయి బేరింగులు పెట్టుకునే పెట్టెలు చివరికి ఏమయ్యాయో తెలియదు.

కొత్త సామానులో మేలు లేదని ఎవరైనా అంటే విద్యుత్తు ఉద్యోగిగా నేను ఒప్పుకోను. పాత పంకా 75 వాట్ల పైచిలుకు తినేది. ఇప్పటి బి.ఎల్.డి.సి. పంకా 30 వాట్ల ప్రాంతంలో అంతే గాలి ఇస్తుంది. ఎల్.ఇ.డి. బల్బు సంగతి సరే సరి. కాని పాత పంకా నెమ్మదిస్తే కండెన్సరు మార్చేవాళ్ళం, మాడితే వైండింగు చేయించేవాళ్ళం. ఇప్పటిదాంట్లో చిన్న బోర్డు పోతే ఆ కంపెనీ బోర్డే కావాలి, అది ఆ కంపెనీ ఇస్తేనే. ఎల్.ఇ.డి. బల్బులో చాలాసార్లు పోయేది వెలిగే గింజ కాదు, దానికి కరెంటు అందించే చిన్న సర్క్యూటు. గింజలు పదిలంగా ఉండగానే బల్బు చెత్తబుట్టలోకి పోతుంది. ఆదా చేసిన కరెంటులో కొంత ఇలా తిరిగి పోతున్నదేమోనని నా అనుమానం.

ప్రభుత్వాలు మేలుకోలేదని అనలేం. వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది, 2019లో కొత్తది చేశారు. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, కేంద్రం "బాగుచేయించుకునే హక్కు" పేరిట ఇంటర్నెట్టులో ఒక వేదిక ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, ఈ నాలుగు రంగాల కంపెనీలు విడిభాగాల వివరాలు, బాగుచేసే పద్ధతి అందులో పెట్టాలని ఉద్దేశం. ఫ్రాన్సులో 2021 నుంచి కొన్ని వస్తువుల మీద, బాగుచేయడం ఎంత సులభమో పదికి మార్కులు వేసి అమ్ముతున్నారు. యూరోపియన్ యూనియన్ 2024లో దీనిమీద ఒక చట్టం చేసి, 2026 జూలై 31 నుంచి అమలు కావాలని గడువు పెట్టింది. మనకు ఫిర్యాదు ఉంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. నేను చేశాను. ఫిర్యాదు నమోదు చేసుకున్నారు, కంపెనీ నుంచి జవాబు కూడా వచ్చింది. గ్యారంటీ గడువు ముగిసినందువల్ల ఉచితంగా చేయలేమని. నేను ఉచితంగా చేయమని అడగలేదు. విప్పి చూడమన్నాను.

చివరకు నేనే విప్పాను. మిక్సీ అడుగున రబ్బరు కాళ్ళు పీకితే వాటి కింద నాలుగు మరలు, మూడు రెక్కలవి. ఆ స్క్రూడ్రైవరు మా ఊరి బజారులో రెండు దుకాణాల్లో అడిగినా దొరకలేదు. ఇంటర్నెట్టులో తెప్పిస్తానని మనవడు అన్నాడు గాని నాకు ఆగబుద్ధి కాలేదు. పాత స్క్రూడ్రైవరు ఒకదాని కొసను ఎర్రగా కాల్చి, బూడిదలో గుచ్చి నెమ్మదిగా చల్లారనిచ్చాను. అప్పుడది మెత్తబడి ఆకురాయికి లొంగింది. మూడు రెక్కలుగా అరగదీసి, తిరిగి కాల్చి నూనెలో ముంచాను. చూపు మునుపటిలా లేదు. రెండు రోజులు పట్టింది. మా ఆవిడ కుర్చీలో కూర్చుని చూస్తూ, "మీటరుకు సీలు తెగ్గొడుతున్నారు" అన్నది, ఇప్పటి ఆ నెమ్మది మాటతో.

మోటారుకు ఏమీ కాలేదు. రెండు కార్బన్లలో ఒకటి పూర్తిగా అరిగిపోయింది, అంతే. దాన్ని పట్టుకునే గూడు మూత మాత్రం అతికించి ఉంది, విప్పడానికి వీలు లేకుండా. సన్నటి డ్రిల్లుతో తొలిచాను, ఒక మూల పగిలింది. దుకాణం మూసేసిన మా మెకానిక్ ఇంటికి వెళితే, మంచం కింద నుంచి రేకు డబ్బా లాగి, సైజుకు దగ్గరగా ఉన్న కార్బన్లు ఒక జత తీసి ఇచ్చాడు. వద్దంటున్నా 60 రూపాయలు చేతిలో పెట్టాను. ఉప్పుకాగితం మీద రుద్ది గూటిలో సరిపెట్టి, పగిలిన మూలకు టేపు చుట్టి బిగించాను. శబ్దం కాస్త ఎక్కువగా వస్తున్నది గాని పని చేస్తున్నది. దాదాపు సంవత్సరం అయింది. ఆ ఏడాదికి ఖర్చు 60 రూపాయలు, షరతు ప్రకారం 180 దాకా పెట్టవచ్చు.

ఇది చదివి ఎవరూ ప్లగ్గు తీయకుండా మిక్సీ విప్పవద్దని ప్రార్థన. కరెంటు పని తెలియనివారు అసలే విప్పవద్దు, తెలిసినవారిని పిలవండి. మన సంఘంలో తెలిసినవారు చాలామంది ఉన్నారు.

మూడు రెక్కల స్క్రూడ్రైవరును మన సంఘ కార్యాలయంలో ఎడమవైపు బీరువా పై అరలో పెట్టాను. దానితోపాటే మా మనవడు తరవాత తెప్పించిన, అన్ని రకాల కొసలున్న పెట్టె కూడా ఉంది. కావలసినవారు పుస్తకంలో సంతకం చేసి తీసుకువెళ్ళి, పని అయ్యాక తిరిగి ఇవ్వగలరు.